ఉన్నదేదో ఎరిగి ఉండుట

ఒక గ్రంథాలయంలో ఎన్ని పుస్తకాలు ఉన్నాయో లెక్క చెప్పడం సులభం. ఏ పుస్తకం ఎన్నవ ముద్రణకు చెందినదో, ఆ ముద్రణలో ఏ అధ్యాయం చేరినదో, ఏ తప్పు దిద్దబడినదో చెప్పడం కష్టం. మొదటిది లెక్క, రెండవది ఎరుక. పాఠ్యపుస్తకం పాత ముద్రణ చదివి పరీక్షకు వెళ్ళిన విద్యార్థికి ఈ రెంటి భేదం ఎవరూ చెప్పనక్కరలేదు. పేరు ఒకటే, అట్ట ఒకటే. లోపలి మాట వేరు.

కంప్యూటరులోని సాఫ్ట్‌వేరు సంగతి కూడా ఇట్టిదే. దానిని చేతితో తాకలేము, త్రాసులో తూచలేము, అట్ట చూచి ఆనవాలు పట్టలేము. వెర్షన్ అనే సంఖ్య ఒక్కటే దానికి గుర్తు. ఆ సంఖ్యను ఎట్లు చదవాలి, ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు మార్చకుండా ఉంచాలి అన్న విషయాలను మన ప్రయోగశాల బాధ్యత చూచుకొనే వానిగా నాకు తెలిసినంతవరకు మనవి చేస్తాను. ఇది కంప్యూటరు విద్యార్థులకు మాత్రమే చెందిన వ్యాసమని తలచి ఉర్దూ, తెలుగు సాహిత్య విద్యార్థులు పుట తిప్పవద్దని ప్రార్థన. మూలంలో ఇది నమ్మకాన్ని గురించిన విషయం. నమ్మకం అందరికీ కావలసినదే గదా! ఒక మాట ముందే చెప్పాలి: కీలపై ఇంగ్లీషు అక్షరాలలో కొట్టవలసిన ఆజ్ఞలను, పేర్లను ఇక్కడ తెలుగు లిపిలోనే వ్రాస్తున్నాను.

యూనిక్స్ అనే నిర్వహణ వ్యవస్థ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీల కృషితో మొదలయింది. దాని పద్ధతిని అనుసరించి 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెలును వ్రాయనారంభించాడు. ఆ తొలి రోజులలో ఒక ప్రోగ్రాము కావలసివస్తే దాని మూలప్రతిని తెచ్చుకొని, తన యంత్రంలోనే కూర్చుకొని, తగిన చోట్ల ఉంచుకోవలసి వచ్చేది. ఏ ఫైలు ఎక్కడినుండి వచ్చినదో, ఎప్పటిదో, ఆ పని చేసినవాని జ్ఞాపకంలో తప్ప మరెక్కడా ఉండేది కాదు. అతడు ఊరు మారితే ఆ యంత్రపు చరిత్ర కూడా అతని వెంటే వెళ్ళిపోయేది.

ఈ అవ్యవస్థను తొలగించడానికి పలువురు పలు మార్గాలు త్రొక్కారు. మన ప్రయోగశాలలో వాడుకలో ఉన్న డెబియన్ వ్యవస్థ వాటిలో ఒకటి. దానిని 1993 ఆగస్టు 16న అయాన్ మర్డాక్ అనే యువకుడు ప్రకటించాడు. డెబ్రా అనే తన స్నేహితురాలి పేరును, తన పేరును కలిపి ఆ నామకరణం చేశాడు. మరుసటి సంవత్సరం డిపికెజి అనే సాధనం రూపుదిద్దుకొన్నది. 1999 మార్చిలో వచ్చిన 2.1 విడుదలతో ఆప్ట్ అనే మరొక సాధనం దానికి తోడయింది. డిపికెజి మన కళాశాల స్టోరుకీపరు వంటిది: వచ్చిన కట్టను విప్పి, ఏ వస్తువును ఏ అలమారలో పెట్టినదీ చిట్టాలో వ్రాసుకొంటుంది. ఆప్ట్ సరకు తెప్పించే వానివంటిది: ఒక వస్తువు అడిగితే, అది పనిచేయడానికి ఇంకేమేమి కావాలో విచారించి, అన్నిటినీ కలిపి తెస్తుంది. ఆ ఒక్కొక్క కట్టకే ప్యాకేజీ అని పేరు. 2025 ఆగస్టు 9న వెలువడిన డెబియన్ 13వ విడుదలలో 69 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. వాటిని కూర్చి పెట్టేవారిలో అధికులు జీతం లేని స్వచ్ఛంద సేవకులు.

మన ప్రయోగశాలలోని ఒక్కొక్క యంత్రంలో రెండు వేలకు పైగా ప్యాకేజీలు నెలకొని ఉన్నాయి. వీటిలో మనం కోరి తెచ్చుకొన్నవి నూరు కూడా ఉండవు. తక్కినవన్నీ పెండ్లికి పిలిచిన చుట్టం వెంట వచ్చిన పరివారం వంటివి. పిలిచిన వారెవరు, వెంట వచ్చిన వారెవరు అన్న వివరం కూడా ఆప్ట్ గుర్తు పెట్టుకొంటుంది. ‘ఆప్ట్-మార్క్ షోమాన్యువల్’ అని అడిగితే పిలిచినవారి పేర్లు మాత్రమే చదివి వినిపిస్తుంది. చుట్టం వెళ్ళిపోయిన తరువాత పరివారం ఇంకా ఇంట్లోనే ఉంటే, ‘ఆటోరిమూవ్’ అనే ఆజ్ఞ వారిని మర్యాదగా సాగనంపుతుంది.

ఈ చిట్టా రహస్యమైనది కాదు. వార్ అనే డైరెక్టరీలో, లిబ్ లోపల, డిపికెజి లోపల స్టేటస్ అనే ఫైలు ఉన్నది. మామూలు అక్షరాలలో ఉన్న ఆ ఫైలును ఎవరైనా తెరిచి చదువవచ్చును. ఏ దినం ఏది వచ్చినదో, ఏ వెర్షన్ నుండి ఏ వెర్షనుకు మారినదో తెలిపే దినచర్య మరొక చోట ఉన్నది. ‘ఆప్ట్-క్యాష్ పాలసీ’ అని వ్రాసి ప్యాకేజీ పేరు చేర్చితే రెండు సంఖ్యలు కనబడతాయి: ఇప్పుడు ఉన్నది ఒకటి, రాగలది మరొకటి. మన కళాశాలలో బల్లలు, కుర్చీలు, బీరువాలు ఏటేటా లెక్క చూస్తారు. ఒక కుర్చీ తగ్గితే సంజాయిషీ అడుగుతారు. ఆ కుర్చీలో కూర్చొన్న విద్యార్థి ఎదుట ఉన్న యంత్రంలో ఏమున్నదో ఎవరూ అడగరు. అడిగితే చెప్పడానికి యంత్రం సిద్ధంగా ఉన్నది.

ఇక సంఖ్యను చదివే విధానం. 1.9 పెద్దదా, 1.10 పెద్దదా అని తరగతిలో అడిగితే సగం మంది 1.9 అంటారు. గణితంలో అది నిజమే. కాని వెర్షన్ సంఖ్యలోని చుక్క దశాంశ బిందువు కాదు. దానిని సూరా సంఖ్య, ఆయతు సంఖ్య వలె, లేక అధ్యాయం, శ్లోకం వలె చదవాలి. మొదటి అధ్యాయంలో తొమ్మిదవ శ్లోకం తరువాతనే పదవ శ్లోకం వస్తుంది. కనుక 1.10 తరువాతిది.

ఒక నిజమైన సంఖ్యను తీసుకొందాం. డెబియన్ 12వ విడుదలలో దూరపు యంత్రంలోనికి భద్రంగా ప్రవేశించడానికి ఉపకరించే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే ప్యాకేజీకి ఒక దశలో 1:9.2పి1-2+డెబ్12యు3 అనే వెర్షన్ ఉండేది. చూడడానికి మంత్రాక్షరాల వలె ఉన్నా, ఇందులో ప్రతి ముక్కకూ అర్థం ఉన్నది. 9.2పి1 అన్నది మూల రచయితలు ఇచ్చిన సంఖ్య. దాని తరువాతి 2 అన్నది డెబియన్ వారు దానిని ఎన్నవసారి కట్ట కట్టారో చెబుతుంది. చివరి భాగం, 12వ విడుదల కొరకు చేసిన మూడవ సవరణ అని తెలుపుతుంది. మొదట ఉన్న 1 మాత్రం శకం వంటిది. హిజ్రీ సంవత్సరాన్ని, శాలివాహన శక సంవత్సరాన్ని, క్రీస్తు శకాన్ని పక్కపక్కన పెట్టి, సంఖ్య పెద్దది కనుక ఇదే తరువాతి కాలం అనడం ఎంత తప్పో మనకు తెలుసు. మూల రచయితలు తమ సంఖ్యా పద్ధతినే మార్చుకొన్నప్పుడు పాత సంఖ్యకూ కొత్త సంఖ్యకూ పోలిక చెడుతుంది. అప్పుడు శకాన్ని ఒకటి పెంచి, ఇకమీదట లెక్క ఇక్కడినుండి అంటారు.

ఇందులో ఇంకొక చిన్న గుర్తు నాకు మిక్కిలి ఇష్టం. టిల్డ అనే అలవంటి గీత అది. 1.0 తరువాత ఆ గీత పెట్టి ‘బీటా’ అని వ్రాస్తే, ఆ వెర్షన్ వట్టి 1.0 కంటె ముందటిదని లెక్క. ఏమీ వ్రాయకపోవడం కంటె కూడా ఆ గీత వ్రాయడం తక్కువ అన్నమాట. ఇంకా పూర్తికాని పని తనను తాను పూర్తయిన పనికంటె ఒక మెట్టు క్రింద నిలుపుకొంటుంది. ఇంత వినయం మనుష్యులలో అరుదు.

ఈ సంఖ్యలతో విద్యార్థికి ఏమి నిమిత్తం అని అడిగేవారికి ఒక సంఘటన చెబుతాను. కొంతకాలం క్రిందట చివరి సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని, ప్రయోగ పరీక్షకు నాలుగు రోజుల ముందు, తన ప్రోగ్రామును ప్రయోగశాలకు తెచ్చుకొన్నది. గ్రంథాలయంలో గడువు దాటిన పుస్తకాల పట్టికను తయారుచేసే ప్రోగ్రాము అది. పైథాన్ భాషలో వ్రాసినది. ఇక్కడి యంత్రంలో మొదటి పంక్తులలోనే వ్యాకరణ దోషమని చెప్పి ఆగిపోయింది. ఆమె నాలుగైదుసార్లు ప్రయత్నించి నా బల్ల దగ్గరకు వచ్చింది.

“భాయీజాన్ కంప్యూటరులో చక్కగా నడిచింది సార్. ఇక్కడ తప్పంటున్నది. నాకే సరిగా రాలేదేమో. మా ప్రాజెక్టు మార్చుకొని ఏదైనా చిన్నది చేస్తాను సార్” అన్నది.

“ముందు ఒక మాట చెప్పమ్మా. మీ అన్నయ్య కంప్యూటరులో పైథాన్ వెర్షన్ ఎంత?” అని అడిగాను.

ఆమెకు తెలియదు. ఫోనులో అన్నగారిని అడిగి చూపించుకొన్నది. అక్కడ 3.12. ఇక్కడ డెబియన్ 12వ విడుదలలో ఉన్నది 3.11. ఈ రెంటి నడుమ ఒక చిన్న మార్పు జరిగింది. వాక్యంలో విలువను ఇమిడ్చి వ్రాసే ఒక పద్ధతిలో, వెలుపల వాడిన కొటేషన్ గుర్తునే లోపల కూడా వాడడం 3.12లో తప్పు కాదు, 3.11లో తప్పు. ఆమె వెలుపలా లోపలా జంట గుర్తులే వాడింది. లోపలి జంట గుర్తులను ఒంటి గుర్తులుగా మార్చగానే ప్రోగ్రాము నడిచింది. ఆమె బుద్ధిలో లోపం లేదు, చదువులో లోపం లేదు. రెండు యంత్రాల నడుమ ఒక సంఖ్య తేడా, అంతే.

ఆ నాలుగు రోజుల వ్యవధి లేక, పరీక్ష గదిలోనే ఆ దోషం బయటపడి ఉంటే? బయటినుండి వచ్చిన పరీక్షకుడు ‘నడువలేదు’ అని వ్రాసుకొని ముందుకు పోయేవాడు. మార్కుల జాబితాలో వెర్షన్ సంఖ్యకు గడి ఉండదు గదా! ఇంట్లో యంత్రమే లేని విద్యార్థికి ఇట్టి చిక్కు రాదు. అన్నగారి యంత్రమో, పొరుగువారి యంత్రమో అడిగి తెచ్చుకొని కష్టపడిన విద్యార్థికే వస్తుంది. శ్రమించిన వారినే శిక్షించే ఈ విచిత్రం వెర్షన్ల అజ్ఞానం వలన కలుగుతుంది. అందువలననే దీనిని చిన్న విషయమని నేను తలచను.

అప్పుడు ప్రయోగశాలలో ఉన్న ఇద్దరు విద్యార్థులు వెంటనే ఒక సలహా చెప్పారు. “కొత్త పైథాన్‌ను ఇందులోకి ఎక్కించేస్తే పోతుంది గదా సార్!” ఉత్సాహం మంచిదే. కాని ఆ యంత్రంలో పైథాన్ 3.11 మన కొరకు మాత్రమే లేదు. వ్యవస్థలోని ఎన్నో సాధనాలు దానిపై ఆధారపడి ఉన్నాయి. ఇల్లు నిలిచి ఉన్న స్తంభాన్ని, బయట మరింత అందమైన స్తంభం దొరికినదని లాగివేయలేము. ఈ ప్రమాదం ఎరిగినవారే గనుక డెబియన్ 12 నుండి, పిప్ అనే సాధనంతో వ్యవస్థ స్తంభాల మధ్యకు పైథాన్ గ్రంథాలయాలను చొప్పించబోతే, ఈ స్థలం వేరొకరి నిర్వహణలో ఉన్నదని చెప్పి అది నిరాకరిస్తుంది. ఎవరికైనా వేరే గ్రంథాలయాలు కావలసివస్తే, తమ సొంత డైరెక్టరీలో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ అనే ప్రత్యేక గదిని కట్టుకొని అందులో పెట్టుకోవచ్చును. తన గదిలో తన ఇష్టం. ఉమ్మడి వసారాలో ఉమ్మడి నియమం.

‘తాజా’ అనే మాట ఉర్దూలోనూ ఉన్నది, తెలుగులోనూ ఉన్నది. రొట్టెకు, కూరగాయలకు ఆ మాట గొప్ప ప్రశంస. సాఫ్ట్‌వేరుకు మాత్రం దానిని ఆలోచించి వాడాలి. డెబియన్ స్థిర విడుదలలో కొత్త హంగులు చేర్చరు. అందులో దొరికిన భద్రతాలోపాలను మాత్రం, పాత వెర్షనును అట్లే ఉంచి, దానిలోనే దిద్దుతారు. సాధారణంగా మూడేండ్లు ఈ రక్షణ సాగుతుంది; దీర్ఘకాలిక రక్షణ పేరిట మరి రెండేండ్లు పొడిగిస్తారు. గోడకు పగులు వస్తే ఇల్లు కూల్చి కొత్త ఇల్లు కట్టకుండా, పగులును పూడ్చే పద్ధతి ఇది.

2014 ఏప్రిల్ 7న బయటపడిన హార్ట్‌బ్లీడ్ లోపం దీనికి మంచి ఉదాహరణ. ఇంటర్నెట్‌లో రహస్య సంభాషణకు ఆధారమైన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో, 1.0.1 మొదలు 1.0.1ఎఫ్ వరకు ఈ లోపం ఉన్నది. దాని ద్వారా ఎదుటి యంత్రపు జ్ఞాపకంలో నుండి ఒక్కొక్కసారి 64 కిలోబైట్ల వరకు దొంగిలించవచ్చును. మూల రచయితలు 1.0.1జి అనే వెర్షనులో దానిని దిద్దారు. అప్పటి డెబియన్ స్థిర విడుదలలో 1.0.1ఇ ఉన్నది. డెబియన్ వారు సంఖ్యను జి వరకు పెంచలేదు. 1.0.1ఇ-2+డెబ్7యు5 అనే పేరుతో, ఆ ఒక్క లోపాన్ని మాత్రం సవరించి ఇచ్చారు. సంఖ్య తల మాత్రమే చూచినవారు ఇది రోగగ్రస్తమనుకొన్నారు. తోక కూడా చదివినవారికి ఇది ఆరోగ్యవంతమని తెలిసింది. అంతకు ముందటి 0.9.8 వాడుతున్న వృద్ధ యంత్రాలకు ఈ రోగం అసలే సోకలేదు. కొత్తది కనుక మంచిదనీ, పాతది కనుక క్షేమమనీ రెండు విధాలుగానూ చెప్పడానికి వీలులేదు.

ఇందులోనే మరొక సూక్ష్మం ఉన్నది. డిస్కుపై కొత్త ప్యాకేజీ వచ్చినంతమాత్రాన పని ముగియదు. ముందునుండి నడుస్తున్న ప్రోగ్రాము పాత ప్రతినే తన జ్ఞాపకంలో పట్టుకొని ఉంటుంది. దానిని ఆపి మళ్ళీ ప్రారంభించినప్పుడే కొత్తది అమలులోకి వస్తుంది. కెర్నెలు విషయంలోనైతే సాధారణంగా యంత్రాన్నే తిరిగి ప్రారంభించాలి. చిట్టాలో ఉన్న వెర్షన్, నడుస్తున్న వెర్షన్ ఒకటేనా అని చూచుకోవడం మంచి నిర్వాహకుని లక్షణం. చట్టం గెజెట్టులో అచ్చయిన దినమూ, గ్రామంలో అమలైన దినమూ ఒకటి కానట్లే ఇదీను.

ఇంతవరకు సంఖ్యలను గురించి చెప్పాను. ఆ సంఖ్యను మనకు చెప్పేవారెవరు? వారిని నమ్మడం ఎట్లు? ఇక్కడ మన ఉర్దూ విభాగపు మిత్రులకు బాగా తెలిసిన ఒక మాటను అరువు తెచ్చుకొంటాను. హదీసును స్వీకరించే పండితులు వాక్యాన్ని మాత్రమే చూడరు. దాని సనదును చూస్తారు. ఎవరు ఎవరినుండి విన్నారు, ఆయన ఎవరినుండి విన్నారు అన్న ఆ గొలుసులో ఒక్క లంకె లోపించినా సందేహిస్తారు. ‘సనదు’ అనే మాట తెలుగులో కూడా అధికార పత్రం అనే అర్థంలో పాతుకొని ఉన్నది. ఆప్ట్ కూడా ఇట్టి గొలుసునే పరీక్షిస్తుంది. విడుదల పత్రంపై డెబియన్ వారి సంకేత సంతకం ఉంటుంది. ఆ పత్రంలో ప్యాకేజీల జాబితాకు చెందిన ముద్ర ఉంటుంది. ఆ జాబితాలో ఒక్కొక్క ప్యాకేజీ ముద్ర ఉంటుంది. ఎక్కడ ఒక్క అక్షరం మారినా ముద్ర సరిపడక, ఆప్ట్ ఆ కట్టను స్వీకరించదు.

కాని గొలుసు తెగకుండా ఉండి, లంకెలలో ఒకరు నమ్మకద్రోహి అయితే? హదీసు పండితులు దీనిని కూడా ఊహించారు. అందుకే ఉల్లేఖకుల శీలాన్ని, జ్ఞాపకశక్తిని, జీవితాన్ని విచారించే ఇల్ముర్రిజాల్ అనే ప్రత్యేక శాస్త్రాన్ని పెంపొందించారు. 2024లో సాఫ్ట్‌వేరు లోకానికి ఈ అవసరం కఠినంగా తెలిసివచ్చింది.

ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాధనం ఉన్నది. దానిని లాసే కోలిన్ అనే ఆయన చాలాకాలం దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా పోషించాడు. పని మందగించినదని కొందరు ఆయనను ఒత్తిడి చేశారు. జియా టాన్ అనే పేరుతో ఒకరు సహాయకునిగా ప్రవేశించి, రెండేండ్లకు పైగా ఓపికతో పనిచేసి నమ్మకం సంపాదించారు. ఆ పేరు వెనుక ఉన్న 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. ఆ దొంగదారిని మేల్కొలిపే కొన్ని పంక్తులు అందరూ చూచే మూలప్రతిలో లేవు. పంపిణీకి కట్టిన కట్టలో మాత్రమే ఉన్నాయి. డెబియన్ వంటి కొన్ని వ్యవస్థలలో ఎస్‌ఎస్‌హెచ్ సేవకు ఎక్స్‌జెడ్ గ్రంథాలయం మరొక ప్యాకేజీ ద్వారా పరివారంగా వచ్చి చేరుతుంది. అనగా పిలువని చుట్టం చేతిలో ముంగిలి తాళంచెవి పడినట్లయింది.

దానిని పట్టుకొన్నది ఏ నిఘా సంస్థా కాదు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన డెబియన్ అస్థిర యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్ ప్రవేశానికి సుమారు అర సెకను ఆలస్యం కావడం గమనించాడు. అర సెకనే గదా అని ఊరుకోక, కారణం వెదకుతూ పోయి, 2024 మార్చి 29న లోకానికి తెలియజేశాడు. డెబియన్ స్థిర విడుదల వాడుతున్న వారికి ఆ వెర్షన్లు చేరనేలేదు. అతి తాజాను కోరుకొన్నవారి యంత్రాలలోనికే అవి ముందుగా ప్రవేశించాయి. అయితే ఆ తాజాను వాడి పరీక్షించే వారిలో ఫ్రాయిండ్ ఒకడు గనుకనే తక్కిన లోకం తప్పించుకొన్నది. స్థిరంగా ఉండేవారు ముందు నడిచేవారికి ఎంత ఋణపడి ఉన్నారో దీనివలన తెలుస్తున్నది.

తరువాత డెబియన్ వారు చేసిన పని నాకు ఎప్పుడూ స్మరణీయం. పాత, మంచి వెర్షనుకు తిరిగి పోవాలి. కాని వ్యవస్థ ఎప్పుడూ పెద్ద సంఖ్యనే ఎన్నుకొంటుంది, 5.6.1 ఉన్నచోట 5.4.5 పంపితే స్వీకరించదు. కనుక వారు ఆ ప్యాకేజీకి 5.6.1+రియల్లీ5.4.5-1 అని పేరు పెట్టారు. రియల్లీ అనే ఇంగ్లీషు మాటకు మన ఉభయ భాషలలోనూ ఒకే మాట ఉన్నది: అసలు. పైకి చూస్తే 5.6.1, అసలు 5.4.5. వెనుకకు అడుగు వేశామన్న సంగతిని వారు దాచలేదు. దానిని సంఖ్యలోనే, అందరూ చదివేటట్లు వ్రాశారు. అసలేదో నకలేదో తన పేరులోనే చెప్పే వస్తువు ఎంత గౌరవనీయం!

ఇక నిలిపి ఉంచే పద్ధతిని గురించి రెండు మాటలు. ‘ఆప్ట్-మార్క్ హోల్డ్’ అనే ఆజ్ఞతో ఒక ప్యాకేజీని ఉన్నచోటనే నిలుపవచ్చును. పరీక్షల మాసంలో ఇది ఉపయోగకరం. కాని హోల్డ్ అన్నది తలుపుకు వేసిన గొళ్ళెం. వేసినవాడు మరచిపోతే భద్రతా సవరణలు కూడా బయటనే నిలిచిపోతాయి. కనుక ఎవరు, ఎందుకు, ఎప్పటివరకు వేశారో వ్రాసి ఉంచాలి. ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ అని అడిగితే ఏ తలుపులకు గొళ్ళెం ఉన్నదో యంత్రం చెబుతుంది. ఎందుకు వేశారో మాత్రం చెప్పలేదు. అది మనం వ్రాసుకోవలసినది. అట్లే పాత వెర్షనుకు దిగిపోవడం కూడా పేరు పక్కన సమానపు గుర్తు, వెర్షన్ సంఖ్య వ్రాసి చేయవచ్చును. కాని డెబియన్ వారు దానికి హామీ ఇవ్వరు. కొత్త వెర్షన్ తన దత్తాంశాలను కొత్త రూపంలోనికి మార్చి ఉంటే, పాతది వాటిని చదువలేకపోవచ్చును. మెట్లు ఎక్కే ముందే దిగే దారి చూచుకోవాలి. అంటే ముందుగా దత్తాంశాల నకలు తీసి వేరొకచోట ఉంచాలి.

పైన చెప్పిన విద్యార్థిని ప్రోగ్రాము నడిచిన తరువాత నన్ను ఒక ప్రశ్న అడిగింది. “ఈ సంగతి ముందే తెలియాలంటే ఎక్కడ చూడాలి సార్?” ఆ ప్రశ్నకు జవాబుగానే ఇప్పుడు ప్రయోగశాల గోడపై ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక పట్టిక వేలాడుతున్నది. వ్యవస్థ విడుదల, పైథాన్, సి కంపైలరు, డేటాబేసు, వాటి వెర్షన్లు, చివరిసారి మార్చిన తేదీ అందులో ఉన్నాయి. ఒక్క కాగితం, ఖర్చు లేదు. విద్యార్థులు దాని ముందు నిలబడి తమ ఇంటి యంత్రంతో పోల్చుకొంటున్నారు.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో మూడు మనవులు. మొదటిది: కొత్త విడుదలకు మారే పనిని సంవత్సరాంత సెలవులకు మాత్రమే ఉంచి, భద్రతా సవరణలను వారం వారం తప్పక చేయనివ్వాలి. పరీక్షల ముందు ‘అంతా కొత్తది వేయించండి’ అనే ఆజ్ఞ ఎంత సదుద్దేశంతో వచ్చినా విద్యార్థికి చేటు. రెండవది: ప్రయోగ పరీక్షల ప్రకటనతోపాటు ఆ వెర్షన్ల పట్టికను కూడా ప్రచురించాలి, బయటి పరీక్షకునికి దాని ప్రతి ఇవ్వాలి. మూడవది: ఈ పనికి డబ్బు అక్కరలేదు, కాలం కావాలి. ఆ కాలాన్ని ఎవరో ఒకరి పనిగంటలలో చేర్చి లెక్కించాలి. ఎక్స్‌జెడ్ వృత్తాంతం నేర్పిన ప్రధాన పాఠం ఇదే. వేలాది యంత్రాలు ఆధారపడిన వస్తువును ఒక్క అలసిన మనిషి భుజాలపై వదిలివేస్తే, సహాయకుని వేషంలో ఎవరైనా రావచ్చును. పోషించే వానిని ఎవరు పోషిస్తున్నారన్న ప్రశ్న పెద్ద సంస్థలకే కాదు, పాతిక యంత్రాలున్న చిన్న ప్రయోగశాలకూ వర్తిస్తుంది.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు ఈ సంవత్సరంతో మమ్మల్ని వీడి ఉద్యోగాలకు పోతారు. అక్కడ మీకంటె ముందు ఎవరో నిలిపిన యంత్రాలు మీకు అప్పగిస్తారు. మొదటి దినమే దేనినీ మార్చకండి. ఏమున్నదో అడగండి. చిట్టా చదవండి; గొళ్ళేలు లెక్కించండి; దినచర్య తిరగవేయండి. ఆ తరువాత మార్చవలసినది మార్చండి, మార్చినది వ్రాయండి. మీ తరువాత వచ్చేవాడు మిమ్ములను ఎరుగడు, మీ ఊరు ఎరుగడు. మీరు వ్రాసి ఉంచిన నాలుగు పంక్తులు మాత్రమే అతనికి చేరుతాయి. అవి నిజమైనవిగా ఉండునుగాక.